టెంట్‌లో హీటర్ పెట్టుకోవచ్చా?

మొదటిసారి క్యాంపింగ్‌కి బయల్దేరే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "రాత్రి చలికి టెంట్‌లో చిన్న గ్యాస్ హీటర్ పెట్టుకోవచ్చా అన్నా?" వద్దు. హీటర్, స్టవ్, బార్బెక్యూ, లాంతరు, ఏదైనా సరే, మండేది టెంట్‌లోకి రాకూడదు. "జిప్ కొంచెం తీసి ఉంచుతాం కదా" అంటారు. ఆ సందును నమ్ముకోకండి. అర్ధరాత్రి చలి పెరిగితే దాన్ని మూసేది మీరే.

గాలి చాలక సరిగ్గా మండని చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే కొద్దికొద్దిగా పీల్చినా గంటల తరబడి ఒంట్లో పేరుకుపోతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలివి రాకుండానే ప్రాణం పోవచ్చు.

అన్నిటికంటే నాకు భయం బార్బెక్యూ బొగ్గులంటేనే. వంటయిపోయింది, మంట లేదు, పొగ లేదు, పైన తెల్లటి బూడిద. చల్లారిపోయిందనిపిస్తుంది. నిజానికి అది నివురుగప్పిన నిప్పు. కింద బొగ్గు ఎర్రగా మగ్గుతూ గంటల తరబడి ఈ విషవాయువును వదులుతూనే ఉంటుంది, పొగ లేదు కనక ఎవరికీ అనుమానం రాదు. ఆ కాస్త వేడి వృథా ఎందుకని ట్రేని టెంట్ ముందరి పోర్చ్‌లోకి లాక్కుంటారు. పోర్చ్ కూడా లోపలి కిందే లెక్క.

కొన్ని హీటర్లు ఆక్సిజన్ తగ్గితే వాటంతటవే ఆగిపోతాయి. ఆ సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం తప్పకుండా కొనండి, పక్కవాళ్ళ జనరేటర్ పొగ మీ వైపు రావచ్చు. యూరప్‌లో ఈఎన్ 50291-2, అమెరికాలో యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణం గుర్తు చూసుకోండి. అలారం ఉంది కదా అని హీటర్ వెలిగించొద్దు. యూఎల్ ప్రమాణం ప్రకారం గాలిలో ఈ వాయువు 70 పీపీఎం (పది లక్షల భాగాల్లో 70) ఉన్నప్పుడు అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు.

మరి చలికి ఏం చెయ్యాలి? ఒంట్లో వేడిని ఎక్కువగా లాగేసేది నేల. ముందు కింద పరిచే మ్యాట్ మీద డబ్బు పెట్టండి, ఆర్-వాల్యూ (నేలలోకి వేడి పోకుండా మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఎంత ఎక్కువుంటే అంత మేలు. స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ మీద "కంఫర్ట్", "లిమిట్" అని రెండు ఉష్ణోగ్రతలుంటాయి. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే చలి, లిమిట్ అంటే ఎలాగోలా తట్టుకునే చలి. కంఫర్ట్ అంకె చూసి కొనండి. పగలంతా తొడుక్కున్న చెమ్మ బట్టలు మార్చి పొడి సాక్సు, టోపీ వేసుకోండి. బయట కాచిన వేడినీళ్ళు మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, నీరసం వస్తే తిన్నది పడలేదనో జ్వరం వస్తోందనో అనుకుంటారు. ఇద్దరికి ముగ్గురికి ఒకేసారి మొదలైతే, బయటికి వెళ్ళగానే తగ్గినట్టుంటే, అనుమానించండి. అందరినీ బయటికి లాగి 911కో 112కో ఫోన్ చెయ్యండి. తేరుకున్నాం కదా అని మళ్ళీ వెళ్ళి పడుకోవద్దు. సాయానికి వచ్చిన అంబులెన్స్ వాళ్ళకి టెంట్‌లో ఏం మండిందో ముందే చెప్పండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఈ విషం ఎక్కినప్పుడు కూడా అంతా బాగున్నట్టే అంకె చూపిస్తుంది, మీరు చెబితేనే డాక్టర్లకు దీనికి వేరే రక్తపరీక్ష చెయ్యాలని వెంటనే తడుతుంది.