ఎన్నికల్లో నిలబడతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఐస్ హాకీకి సెలవు చెప్పి ఇక్కడ కెనడాలో మన ఒంటారియో ప్రొవిన్స్ (రాష్ట్రం) శాసనసభకు పోటీ చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమెకు బెంగ, నాకు సంతోషం. అయితే ఆటలో వచ్చిన పేరు ఓట్లు తెస్తుందని మాత్రం నమ్ముకోకు.

నేను ఉండేది కింగ్‌స్టన్‌లో కాబట్టి, ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్ళిన హాకీ ఆటగాడు సిల్ యాప్స్ సంగతి చెబుతాను. 1942 ఫైనల్లో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టు వరసగా 3 మ్యాచ్‌లు ఓడి, మిగతా 4 గెలిచి హాకీ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్పు ఎత్తుకున్నప్పుడు ఆయనే కెప్టెన్. అంతటివాడు 1940లో, ఆట మంచి జోరు మీదున్నప్పుడే, సొంత ఊరున్న బ్రాంట్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు నిలబడి 138 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. శాసనసభలో అడుగుపెట్టింది 1963లో, కింగ్‌స్టన్ నుంచి. అప్పటికి ఆట వదిలి 15 ఏళ్ళు. ఆ తర్వాత 1975 దాకా ఆ స్థానం ఆయనదే.

1971లో మంత్రిగా ఆయనకు ఇచ్చింది జైళ్ళ శాఖ. చప్పట్లు కొట్టేవాళ్ళుండని శాఖ అది! ఆ ఏడాదే మా ఊరి పెద్ద జైల్లో ఖైదీలు తిరగబడ్డారు. నిజానికి అది ఫెడరల్ జైలు, అంటే కేంద్ర ప్రభుత్వానిది, ఆయన శాఖది కాదు. రెండేళ్ళలోపు శిక్ష పడినవాళ్ళే ప్రొవిన్స్ జైళ్ళకు వస్తారు. ఈ తేడా ఎంతమంది ఓటర్లు పట్టించుకుంటారు చెప్పు?

అందుకే ఏది ఎవరి పనో ముందే కంఠతా పట్టు. హెల్త్ కార్డు, ఫ్యామిలీ డాక్టరు, బడి, డ్రైవింగ్ లైసెన్సు నీ పరిధిలోవి. మనవాళ్ళు మాత్రం తలుపు తీయగానే అమ్మానాన్నలు వచ్చి ఎక్కువకాలం ఉండేందుకు ఇచ్చే సూపర్ వీసా గురించి అడుగుతారు. అది ఒటావాలోని కేంద్ర ప్రభుత్వ వ్యవహారం. నా చేతిలో లేదని చెప్పి వచ్చేయకు, ఎంపీ ఆఫీసు నంబరు కాగితం మీద రాసివ్వు. మొన్న 2025లో ఎన్నికలు ఫిబ్రవరి 27న జరిగాయి. అంత చలిలో గుమ్మం దగ్గర నిలబెట్టి ఉపన్యాసం మొదలుపెడితే ఇంట్లో వేడంతా బయటికి పోతుంది, వచ్చే ఓటు కూడా పోతుంది. రెండు నిమిషాల్లో ముగించు, ఎక్కువసేపు విను.

వీటన్నిటికంటే ముందు పార్టీ టికెట్టు దక్కాలి. అది మామూలుగా పార్టీ సభ్యత్వం తీసుకున్నవాళ్ళ ఓటుతో తేలుతుంది. నీతో ఫోటో దిగేవాళ్ళు వేరు, పని మానుకుని, అభ్యర్థిని ఎన్నుకునే నామినేషన్ సభకు వచ్చి వరసలో నిలబడేవాళ్ళు వేరు. రెండో రకం వాళ్ళు ఎందరున్నారో పేర్లతో సహా రాసి నాకు పంపు. అది చూశాకే మీ అమ్మతో మాట్లాడతాను.

ఇట్లు,
మామయ్య