సందేహాలు – సమాధానాలు: కదలని మెరుపు

సందేహం: మల్కాపురం వైపు ఒక చమురు ట్యాంకుల ఆవరణ గేటు మీద ‘మెరుపుల నుండి రక్షణ కలదు’ అనీ, లోపల ట్యాంకు మెట్ల దగ్గర ‘స్థిర విద్యుత్ ప్రమాదం’ అనీ రాశారు. మెరుపు అనాలా, పిడుగు అనాలా? విద్యుత్తు స్థిరంగా ఉంటే ప్రమాదం దేనికి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మొదటిదానికి జవాబు చిన్నది. మెరుపు మెరుస్తుంది, ఉరుము ఉరుముతుంది, పిడుగు పడుతుంది. ట్యాంకుకు చేటు ఆ పడేదానివల్లనే గనుక అక్కడ ‘పిడుగు’ అనే రాయాలి. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట సరిపోతున్నదని మనకున్న రెండు మాటల్లో ఒకదాన్ని పారవేసుకోవడం తగని పని. ఉరుము వినగానే ‘అర్జునా, ఫల్గునా’ అనుకునే అవ్వలెవరూ ఈ పొరపాటు చేయరు. గడుసు పిల్లవాణ్ణి ‘చిచ్చరపిడుగు’ అనడం వేరే సంగతి.

రెండవ ప్రశ్న రసవత్తరమైనది. ‘వి’ ఉపసర్గతో కూడిన ‘ద్యుత్’ ధాతువు నుండి పుట్టిన విద్యుత్తు అంటే విశేషంగా ప్రకాశించేది, అంటే సాక్షాత్తూ మెరుపే. అమరసింహుడు తన పర్యాయపద నిఘంటువైన అమరకోశంలో, దిగ్వర్గమనే భాగంలో శంప, శతహ్రద, హ్రాదిని, ఐరావతి, క్షణప్రభ, తడిత్తు, సౌదామని అని పేర్లు చెప్పుకుంటూ వచ్చి, ‘విద్యుత్’ అన్న వెంటనే ‘చంచలా, చపలా’ అంటాడు. పిడుగుకు వేరే పది పేర్లను స్వర్గవర్గంలో వజ్రాయుధం కింద చెప్పాడు. ‘హ్రాదిని’ ఒక్కటే రెండు చోట్లా కనిపిస్తుంది. ఇంతటి చపలకు ‘స్థిర’ అనే విశేషణం తగిలించడం ఎన్నేళ్లు విన్నా నా చెవికి ఇంపుగా లేదు.

అయితే వస్తువును దగ్గరగా చూస్తే ఆ మాట పెట్టినవారి ఉద్దేశం అర్థమవుతుంది. పెట్రోలు, కిరోసిన్ వంటివి గొట్టాల్లో, ముఖ్యంగా ఫిల్టరు గుండా, వేగంగా పారేటప్పుడు విద్యుదావేశం విడివడి ద్రవంతోపాటు ట్యాంకులోకి చేరుతుంది. అవి మంచి వాహకాలు కావు గనుక ఆ ఆవేశం గోడను చేరి నేలలోకి దిగడానికి సమయం పడుతుంది. అందుకే గొట్టం మూతి మునిగేదాకా సెకనుకు 1 మీటరు వేగం మించకుండా నింపుతారు. పెద్ద ట్యాంకయితే నింపడం ఆపాక 30 నిమిషాలు ఆగి గాని డిప్ తీయరు, అంటే టేపు దింపి నూనె మట్టం కొలవరు. తొందరపడి టేపు దింపితే ద్రవం మీద నిలిచిన ఆవేశం దానివైపు దూకి నిప్పురవ్వ పుడుతుంది, గాలితో తగుపాళ్లలో కలిసిన ఆవిరి ఉంటే అంటుకుంటుంది. నిలిచినంతసేపే అది స్థిరం. దూకిన క్షణాన అమరసింహుని చపలే.

నన్ను ఎక్కువగా బాధించేది ‘ఎర్తింగ్’ అన్న మాటను అన్నింటికీ వాడడం. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టుంది. నూనె మీద తేలే కప్పున్న ట్యాంకులో కప్పుకూ గోడకూ నడుమ సీలు దగ్గర ఆవిరి చేరుతుంది; పిడుగు ప్రవాహం ఆ సందు దాటేటప్పుడు రవ్వలు లేస్తాయని కప్పునూ గోడనూ లోహపు పట్టీలతో, తీగలతో కలుపుతారు. అది బాండింగ్. నేలకు కలపడం ఎర్తింగ్. నేలకు ఎంత గట్టిగా కలిపినా ద్రవం మీది ఆవేశం అప్పటికప్పుడు దిగిపోదు.

కనుక గేటు మీది బోర్డు దిద్దవలసిందే. ‘స్థిర విద్యుత్తు’ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది గనుక తప్పని కొట్టివేయలేను. శాస్త్ర గ్రంథాల్లో ఉండనివ్వవచ్చు. మెట్లెక్కే కార్మికునికి మాత్రం ‘నూనెలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది, అరగంట ఆగి డిప్ తీయండి’ అని రాస్తే మేలని నా అభిప్రాయం.