బియ్యం ఎగుమతిలో మన దేశమే ఫస్ట్ కదా, తెనాలి రైతుకు బస్తా రేటు ఎందుకు పెరగదు?

ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే, ఓడలెక్కేది పక్కనున్న కాకినాడలో, మరి డెల్టా రైతుకు ఆ డబ్బు ఏదీ అని అడిగారు. మాకు తెనాలి దగ్గర పొలం ఉంది. విజయవాడ పక్కన ఓ రైస్ మిల్లులో కొన్నేళ్లు లెక్కలు కూడా రాశాను. రెండు వైపులా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ముందు మీరు వేసిన రకమేంటో చూసుకోండి. మా వైపు సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఎక్కువగా కనిపించేది బీపీటీ 5204, అదే సాంబమసూరి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అది మన ఇళ్లలో వండుకునే బియ్యం, దాని రేటు తేలేది ఇక్కడి బియ్యం కొట్లలోనే. ఆఫ్రికా వాళ్లకు కావాల్సింది 1010 లాంటి పొడుగు గింజ రకం. పైగా దాళ్వా, అంటే ఎండాకాలంలో కోతకొచ్చే రెండో పంట, ధాన్యాన్ని ఉడకబెట్టకుండా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు, బెనిన్ లాంటి దేశాలు కొనేది దాన్నే.

2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఉప్పుడు బియ్యాన్ని ఆపలేదు, ఆగస్టులో 20 శాతం సుంకం వేసి వదిలేసింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేశారు. సంతోషమే, కానీ సెప్టెంబరులో మన చేను ఇంకా పచ్చగానే ఉంటుంది, దాళ్వా ధాన్యం ఎప్పుడో మిల్లుకు చేరిపోయి ఉంటుంది. ఆ నెలలో రేటు కదిలితే లాభం గోడౌన్‌లో సరుకున్నవాడిదే.

అసలు దెబ్బ మాత్రం తేమ దగ్గర తగులుతుంది. మిషను కోత ధాన్యం కళ్లానికి వచ్చేసరికి తేమ 20 శాతం దాటే ఉంటుంది, ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం లోపు ఉండాలి. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,725. అది చేతికి రావాలంటే రోడ్డు మీద పట్టాలేసి ఆరబెట్టాలి. డిసెంబరులో మబ్బు పట్టిందా, ఇక టెన్షనే. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పట్టాల కింద ధాన్యం మొలకలెత్తింది. అలాంటప్పుడు దళారి వచ్చి గుప్పెడు తీసి, ఓ గింజ పంటి కింద పెడతాడు. కటుక్కుమంటే ఒక రేటు, మెత్తగా నలిగితే ఇంకో రేటు. తేమ కొలిచే మీటరు జేబులోనే ఉంటుందిలెండి, తీయడు.

బీపీటీ అయితే ఆరబెట్టి నాలుగైదు నెలలు దాచుకోగలిగితే మంచిది, పాత బియ్యానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సొంత పొలం ఉన్న మేం ఆ పని చేస్తున్నాం. కౌలుకు చేసేవాళ్లకు కుదరదు. కౌలు, ఎరువుల కొట్టు బాకీ రెండూ కోతలప్పుడే కట్టాలి.