విశాఖ మన్యంలో సైకిల్: అరకు ఎక్కకండి, అరకు నుంచి మొదలెట్టండి

విశాఖ దగ్గర కొండల్లో మూడు రోజులు సైకిల్ తొక్కాలి, బండ్ల రొద ఉండకూడదు, మామూలు గేర్ల సైకిల్‌తో అరకు ఘాట్ ఎక్కగలనా అని అడిగారు. ఎక్కగలరు. కానీ ఎక్కకండి. సైకిల్‌ని రైల్లో అరకు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగండి. మొత్తం 140 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నేను రెండు రకాలుగానూ వెళ్లాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటిసారి పౌరుషానికి పోయి శృంగవరపుకోట నుంచి ఘాట్ ఎక్కాను. అదీ డిసెంబరు ఆదివారం. బొడ్డవర దాకా హాయిగానే సాగింది. కాశీపట్నం దాటాక మొదలైంది అసలు సంగతి. అక్కణ్ణుంచి గాలికొండ దాకా వెయ్యి మీటర్ల పైన ఎక్కాలి. ఒళ్లు అలవాటుపడితే ఎక్కుడు పెద్ద బాధేమీ కాదు. బాధల్లా వెనక కార్లతోనే. ప్రతి మలుపులో హారన్, ఒక వ్యాను కిటికీలోంచి చప్పట్లు, ఇంకో దాన్లోంచి చిప్స్ ప్యాకెట్. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలు ఎంత బావుంటాయో అందరూ చెబుతారు. ఆ రోజు నాకు కనిపించింది నా ముందు చక్రం, దాని పక్కన తెల్ల గీత, అంతే.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని పొద్దున్నే విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ రైలు ఎక్కాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన లైను అది. దారి పొడుగునా సొరంగాలే, 58 అని లెక్క. అరకు ముందు వచ్చే శిమిలిగుడ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్‌గా దానికి పేరు. అంటే మీరు కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటుంటే మీ ఎక్కుడంతా రైలే ఎక్కేస్తుంది. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో, బుక్ చేయాలి, ఆ కాగితాల పనికి గంట ముందే స్టేషన్‌కి వెళ్లండి. సంచులు, పంపు, లైటు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. అరకులో బండి ఎక్కువసేపు ఆగదు, కాబట్టి ఆగకముందే తలుపు దగ్గర నిలబడి, దిగగానే వ్యాను వైపు పరుగెత్తాలి.

మధ్యాహ్నానికి అరకులో దిగితే ఆ రోజుకి అక్కడే ఉండిపోండి. మర్నాడు తెల్లవారాక పాడేరు, 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారిలో డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. పేరుకు తగ్గట్టే చాపలా పరుచుకున్న రాతి మీంచి నీళ్లు జారుతుంటాయి. తొమ్మిదిలోపు వెళితే మనుషులుండరు. ఆ తర్వాత కించుమండ, హుకుంపేట. పెద్ద ఘాట్లేవీ లేవు, ఎక్కడం దిగడం ఎక్కడం, అలా అలల్లా సాగుతుంది రోడ్డు. నవంబరులో వెళితే రెండు పక్కలా వలిసె పూలు, కళ్లు చెదిరే పసుపు. ఇదంతా జాతీయ రహదారి 516ఈలో భాగం కాబట్టి వెడల్పు పనులు ఎక్కడ ఎదురైనా ఆశ్చర్యపోవద్దు. నేను వెళ్లినప్పుడు కొన్నిచోట్ల ఎర్రమట్టి ధూళిలో ఈదాను. ముక్కుకి కట్టుకోవడానికి తువ్వాలు పెట్టుకోండి. సంత రోజైతే రోడ్డంతా జనమే, పసుపు మూటలు, కోళ్లు, అడ్డాకుల కట్టలు. అది నాకు రొదనిపించలేదు, మీ ఇష్టం.

పాడేరులో లాడ్జీలున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం కదా, ఊరు బాగా పెరిగింది. ఏటీఎంలో డబ్బు తీసుకోవడం అక్కడే చేసుకోండి. ఆ తర్వాత సిగ్నల్ ఉంటేనే ఫోన్ చెల్లింపులు, సిగ్నల్ ఎక్కడుంటుందో దానిష్టం.

మీరడిగిన నిశ్శబ్దం తొక్కడం మొదలెట్టిన రెండో రోజు దొరుకుతుంది. పాడేరు నుంచి జి.మాడుగుల, లోతుగెడ్డ జంక్షన్ మీదుగా చింతపల్లి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అరగంటకో జీపు, అప్పుడప్పుడు ఒక బస్సు. చైన్ చప్పుడు, నా ఊపిరి తప్ప ఇంకేం వినపడని మైళ్లు ఉన్నాయి ఆ దారిలో. జి.మాడుగుల దాటాక ఒక ఎక్కుడులో నా వల్ల కాక దిగి సైకిల్ తోసుకుంటూ వెళుతున్నాను. ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోస్తున్న పెద్దావిడ తలెత్తి, “ఏటి బాబూ, సైకిలు సెడిపోనాదా?” అంది. “సైకిలు బానే ఉందమ్మా, నేనే చెడిపోయాను” అన్నాను. నవ్వి లోపలికెళ్లి స్టీలు చెంబుతో చోడి (రాగి) అంబలి, పచ్చి ఉల్లిపాయ తెచ్చిపెట్టింది. చల్లగా, కాస్త పులుపుగా ఉంది. బ్యాగులో ఉన్న ఎనర్జీ బార్లు ఆ తర్వాత ముట్టలేదు. డబ్బిస్తే తీసుకోలేదు, పిల్లలకి బిస్కెట్లిచ్చి వచ్చాను.

చింతపల్లి నుంచి లంబసింగి ఇరవై కిలోమీటర్లు. వీలైతే అక్కడ రాత్రి ఉండి, మంచు విడిచాక దిగండి. లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. నేను ఆరింటికే బయల్దేరి ఆ అర్థం చేతివేళ్లతో తెలుసుకున్నాను. చొక్కా లోపల గుండె మీద పాత న్యూస్‌పేపరు పెట్టుకుంటే దిగుడులో చలిగాలి ఆగుతుంది, ఇది మాత్రం భలే పనిచేసింది. శని, ఆదివారాల్లో లంబసింగి వైపే చూడొద్దు. చలికాలంలో తెల్లవారుజాము మూడింటి నుంచే కార్లు. సోమవారం నుంచి గురువారం లోపల ముగిసేలా వేసుకోండి.

ఇక దిగుడు. నాది రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే హైబ్రిడ్ సైకిల్, దానివి రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని (రిమ్ముని) రబ్బరు ప్యాడ్లతో నొక్కి ఆపేవి. భయంతో రెండు బ్రేకులూ నొక్కి పట్టుకునే దిగాను. నాలుగో మలుపు దగ్గర ఆగి రిమ్ముకి వేలు ఆనిస్తే చురుక్కుమంది. ఇంకాస్త దిగాక వెనక నుంచి రేకు మీద మేకుతో గీస్తున్న చప్పుడు. చూస్తే రబ్బరు మొత్తం అరిగిపోయి, లోపలి ఇనుము రిమ్ము మీద గుండ్రంగా గీత కోసేసింది. డౌనూరు దాకా ముందు బ్రేకుతో, సగం దూరం నడిచి దిగాను. మీరు అలా చేయకండి. మలుపుకి ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం. అలా అయితే రిమ్ము చల్లారుతుంది. బయల్దేరేముందు కొత్త ప్యాడ్లు వేయించి, ఇంకో జత సంచిలో పెట్టుకోండి.

నడుచుకుంటూ దిగడం వల్ల ఒక మంచి జరిగింది, ఆ రోడ్డుని తీరిగ్గా చూశాను. నర్సీపట్నం నుంచి కొండల మీదికి ఈ దారి వేయడానికి బ్రిటిష్ కాలంలో గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాకిరీ చేయించాడు, కూలి సరిగా ఇవ్వలేదు. మన్యం తిరుగుబాటుకి రాజుకున్న కోపాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం మొదట పడింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే.

గేర్ల సంగతి అడిగారు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు ఉన్న మామూలు హైబ్రిడ్ చాలు, ముందు చిన్నది 28 పళ్లు ఉంటే మోకాళ్లు బతుకుతాయి. టైరు 35 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. ట్యూబు వాల్వు సన్నటి ప్రెస్టా రకమైతే దానికి ఇత్తడి అడాప్టర్ కొనుక్కోండి, లేకపోతే దారిలో పంచర్ షాపువాళ్లు గాలి కొట్టలేరు. చెక్‌పోస్టుల్లో గంజాయి తనిఖీ కోసం సంచులు విప్పమంటారు. విప్పి చూపించండి, రెండు నిమిషాల పని. నన్ను అడిగిన కానిస్టేబుల్‌కి గంజాయి కంటే సైకిల్ ధర మీదే ఆసక్తి ఎక్కువ.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క మాట. నర్సీపట్నం రోడ్ అని రైల్వే స్టేషన్ ఉంది, పేరు చూసి ఊళ్లోనే అనుకోకండి. నేను అలాగే అనుకుని, అరిగిన బ్రేకుతో ఇంకో రెండు గంటలు తొక్కాను. నర్సీపట్నం బస్టాండులో విశాఖ బస్సు మీద సైకిల్ కట్టించుకుంటే సరిపోయేది.