‘మిక్సీ పట్టండి’ అని రాయొచ్చా?

నిరభ్యంతరంగా రాయండి. ‘మిక్సీ పట్టండి’ తప్పు, ‘మిక్సీలో రుబ్బండి’ అనాలి అని మీ వంటల పుస్తకంలో ఎవరో దిద్దారన్నారు కదా, ఆ దిద్దుబాటు అక్కర్లేదండీ. పిండి మర పట్టించడం మనకు పాత అలవాటే. ఆ ‘పట్టు’నే మిక్సీకీ తగిలించుకున్నాం. పైగా ఎండుకొబ్బరి, వేయించిన మిరపకాయలు పొడి చేసేచోట ‘రుబ్బండి’ అంటే చదివేవాళ్లు నీళ్లు పోసేస్తారు! నానబెట్టిన మినప్పప్పుకైతే రుబ్బడమే బాగుంటుంది.

‘ఫ్రిజ్ నీళ్లు’, ‘కుక్కర్ అన్నం’ లాంటి మాటల్లో కూడా ఆ ఇంగ్లిష్ పేర్ల రూపం మార్చకుండా అలాగే ఉంచండి. ‘రోలు’ అనే మాట ‘రోటి పచ్చడి’లో ‘రోటి’గా రూపం మార్చుకుంటుంది గానీ, ‘మిక్సీ పచ్చడి’కి ఆ బాధ లేదు. ‘కుక్కర్ పెట్టండి’ ఒక్కటే ఇంట్లో సరిపోతుంది, పుస్తకంలో చాలదు. అన్నమో పప్పో, ఎన్ని విజిల్సో కూడా రాయండి.