డ్రమ్ ట్రిగర్లు కొనివ్వాలా, బీటెక్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఆర్కెస్ట్రా వాళ్లతో పెళ్లి రిసెప్షన్లకు వెళ్లి ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయిస్తాడు. ఇప్పుడు ఇంట్లోనే రికార్డింగ్ చేస్తానని ప్లైవుడ్ చెక్కలకు రబ్బరు అంటించి, కింద పీజో బిళ్లలు పెట్టి ల్యాప్‌టాప్‌కి కలిపాడు. కొడితే టప్ టప్‌మంటుందే గానీ డ్రమ్ము మోత రావడం లేదు. ట్రిగర్ మాడ్యూల్ కొనివ్వమంటున్నాడు. బీటెక్ వద్దట, సౌండ్ ఇంజినీరింగే చేస్తాడట. కింద పోర్షన్‌లో ఉండే ఓనర్‌తో రోజూ గొడవ. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ టప్ టప్ సంగతి చూద్దాం. మీ వాడికి ఈ రంగం సరిపడుతుందో లేదో చాలావరకు అక్కడే తేలుతుంది.

పీజో బిళ్ల మీద దెబ్బ పడితే క్షణకాలం వోల్టేజీ పుడుతుంది, అంతే. మైకు సాకెట్లో గుచ్చితే కంప్యూటర్ దాన్ని మామూలు శబ్దంగానే తీసుకుంటుంది. ఏ ప్యాడ్ మీద ఎంత గట్టిగా కొట్టారో అంకెల్లోకి మార్చి పంపేది మాడ్యూల్. ఆ అంకెల భాషనే మిడి అంటారు. సాధారణంగా 36 వస్తే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), 38 వస్తే స్నేర్ (చేత్తో కొట్టే ముఖ్యమైన డ్రమ్ము), 42 వస్తే మూసిన హైహ్యాట్ (జంట తాళాలు). దెబ్బ బలం 1 నుంచి 127 దాకా. ఆ అంకెలను అందుకుని డ్రమ్ము మోత వినిపించేది కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్. అంటే మాడ్యూల్ కావాలని అబ్బాయి అనడంలో తప్పు లేదు. పీజో వైరును మాత్రం మైకు సాకెట్లోంచి ఇవాళే తీసేయమనండి. గట్టి దెబ్బకు వచ్చే వోల్టేజీ దానికి మంచిది కాదు.

అయితే డబ్బు అప్పుడే తీయకండి. ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా కనిపించే రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ ఆక్టోప్యాడ్‌ (ఎస్పీడీ-20, ఎస్పీడీ-30 లాంటివి) వెనక బయటి ట్రిగర్లు (దెబ్బను పసిగట్టే పీజో ప్యాడ్లు) పెట్టుకునే సాకెట్లు, మిడి అవుట్ (అంకెలు బయటికి పంపే సాకెట్) రెండూ ఉంటాయి. అంటే మాడ్యూల్ పని అదే చేస్తుంది. ఎస్పీడీ-30 అయితే యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కి కలుస్తుంది. ఎస్పీడీ-20కి మిడి నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి కావాలి. ముహూర్తాలు లేని రోజుల్లో ఆర్కెస్ట్రా వాళ్లను అడిగి తెచ్చుకుంటే సరి. అదీ కుదరకపోతే ఆర్డుయినో లియొనార్డో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో మాడ్యూల్‌ను సొంతంగా చేసుకోవచ్చు. పీజో రెండు వైర్ల మధ్య ఒక మెగా ఓమ్ రెసిస్టర్, రక్షణకు 5.1 వోల్టుల జీనర్ డయోడ్ పెట్టాలి. ఆర్డుయినోలోనే ఊనో అనే బోర్డు వద్దు, అది ఉన్నపళంగా కంప్యూటర్‌కి మిడి పరికరంలా కనిపించదు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. కొట్టిన దెబ్బ ఆలస్యంగా వినిపిస్తుంది. చాలామంది పిల్లలు ఇక్కడే ల్యాప్‌టాప్ పాతదైపోయిందని కొత్తది అడుగుతారు. తప్పు చాలాసార్లు డ్రైవర్‌ది, అంటే కంప్యూటర్లో సౌండ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ది. విండోస్‌లో ఏసియో (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ పెట్టి బఫర్‌ను, అంటే కంప్యూటర్ ఒక్కసారి పోగేసుకునే శబ్దపు ముక్కలను, 128 శాంపిళ్లకు తగ్గిస్తే, 44,100 హెర్ట్జ్ (సెకనుకు 44,100 శాంపిళ్లు) దగ్గర ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లే. 1024 దగ్గర వదిలేస్తే 23 దాటుతుంది, చెయ్యి తడబడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇవన్నీ సర్దినా దండగే, వైరుదే వాడాలి. ఒక్క దెబ్బకు రెండు మోతలు వస్తే రీట్రిగర్ సమయం (ఒక దెబ్బ తర్వాత మరో దెబ్బను లెక్కించని వ్యవధి) పెంచాలి. స్నేర్ కొడితే పక్కనున్న టామ్ డ్రమ్ము కూడా మోగుతుంటే, ఒకే చెక్క మీదున్న ప్యాడ్లను విడదీసి మధ్యలో స్పాంజి పెట్టాలి.

ఈ చిక్కులన్నీ ఓపిగ్గా విప్పుకుంటూ ఒక పాట పూర్తిగా రికార్డు చేశాడంటే, సౌండ్ పని వాడికి పడుతుంది. రెండో రోజుకే విసుగొచ్చి మళ్లీ స్టేజీ మీద వాయించడానికే పరిగెత్తితే వాడు వాయిద్యకారుడు. అదీ మంచిదే, కానీ దారి వేరు. అప్పుడు మన ఊళ్లోనే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, మృదంగం నేర్పుతారు. లయ గట్టిపడితే ప్యాడ్స్ మీదా పనికొస్తుంది.

ఇక బీటెక్ సంగతి. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్ఆర్ఎఫ్‌టీఐ అనే ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థల్లో సౌండ్ కోర్సుకు వెళ్లాలంటే ముందు డిగ్రీ ఉండాలి. పుణెలో అయితే ఇంటర్‌లో ఫిజిక్స్ కూడా అడుగుతారు. వాడు వద్దనుకుంటున్న చదువే అక్కడికి టికెట్టని చెప్పి చూడండి. ఈఏపీసెట్ రాయించండి. పీజోలు, మిడి అంటూ తిరిగేవాడికి ఈసీఈ బాగా అతుకుతుంది. నాలుగేళ్లలో సెలవులకు ఏదైనా సౌండ్ సర్వీస్ వాళ్ల వెంట వెళ్లి కేబుళ్లు చుట్టినా పని వస్తుంది. ఇంటర్ అవగానే లక్షల్లో ఫీజు కట్టించుకునే డిప్లొమాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చేర్పించే తీరాలంటే, ఒక్కో విద్యార్థికి మిక్సర్ ముందు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో అక్కడ చదువుతున్న పిల్లల్నే అడగండి, ఆఫీసు వాళ్లను కాదు.

ఓనర్‌గారి విషయం. ఆయన్ను బాధపెట్టేది చేతుల శబ్దం కాకపోవచ్చు. కిక్ పెడల్ దెబ్బ నేల గుండా కిందికి దిగుతుంది. పెడల్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, దాని మీద చెక్క పెట్టి చూడండి. రాత్రి తొమ్మిది దాటాక కాలు ఆపేసి చేతులతోనే ప్రాక్టీసు చేసుకోమనండి. కిక్‌ను మర్నాడు కంప్యూటర్లో మౌస్‌తో పెట్టుకోవచ్చు.