క్రియాటినిన్ నార్మల్, ఈజీఎఫ్ఆర్ 51... అమ్మ కిడ్నీలు పాడైనట్టేనా?

ప్రశ్న: మా అమ్మకి 78 ఏళ్ళు, బరువు 50 కిలోలు. పోయినేడు క్రియాటినిన్ 1.05, ఈజీఎఫ్ఆర్ 55 ఉండేవి, ఇప్పుడు 1.1, 51 వచ్చాయి. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటుంది, మోకాళ్ళకి అప్పుడప్పుడు నొప్పి మాత్రలు. ఏడాదికి 4 చొప్పున తగ్గితే పదేళ్ళలో డయాలసిస్ తప్పదని తమ్ముడు లెక్కేసి చెప్తున్నాడు, నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: ముందు మీ తమ్ముడి లెక్క పక్కన పెట్టేయండి, రెండు రిపోర్టులతో పదేళ్ళ జాతకం చెప్పడం ఎవరివల్లా కాదు. ల్యాబ్‌లో నిజంగా కొలిచేది క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేసే వ్యర్థం) ఒక్కటే, దానికి వయసు, ఆడా మగా అన్నది కలిపి ఫార్ములాలో వేస్తే ఈ 51 వస్తుంది, ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంచనా అదే. మీ నంబర్లు 2021 సీకేడీ-ఎపి ఫార్ములాలో వేసి చూశాను, సరిపోయాయి. అంటే క్రియాటినిన్ జస్ట్ 0.05 పెరిగినందుకే ఆ 4లో దాదాపు 3 పాయింట్లు పోయాయన్నమాట, ఆ కాస్త తేడా నీళ్ళు తక్కువ తాగినా, ముందురోజు మాంసం తిన్నా, ల్యాబ్ మారినా వచ్చేస్తుంది. కాబట్టి దీన్ని తగ్గుదల అని నేనైతే అనను.

మరి క్రియాటినిన్ నార్మల్ అయితే ఈజీఎఫ్ఆర్ ఎందుకు తక్కువ? క్రియాటినిన్ వచ్చేది కండల నుంచి. వయసు పైబడి కండ కరిగితే అది తయారయ్యేదే తక్కువ, కిడ్నీ కొంచెం నెమ్మదించినా రక్తంలో నంబర్ బాగానే కనిపిస్తుంది. ఇదే 1.1 ముప్పై ఏళ్ళ అమ్మాయికి వస్తే ఈజీఎఫ్ఆర్ 69 దాకా ఉంటుంది. బాగా చిక్కిపోయినవాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి ఫార్ములా ఉన్నదానికంటే ఎక్కువే చూపించొచ్చు, అలాంటప్పుడు కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష కూడా చేయించి రెండూ కలిపి లెక్కేస్తే నమ్మకంగా ఉంటుంది (థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్స్ వాడుతున్నా అదీ తప్పు చూపిస్తుంది, ముందే చెప్పండి).

వయసుతో అందరికీ తగ్గి తీరుతుందనేం లేదు. 1985లో వచ్చిన అమెరికా బాల్టిమోర్ స్టడీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి సగటున ఏడాదికి 0.75 తగ్గింది, కానీ మొత్తం మీద మూడోవంతు మందికి అసలు తగ్గనేలేదు. అదే ఏడాదికి 5 కంటే ఎక్కువ, అదీ వరసగా తగ్గుతూ పోతుంటే మాత్రం వేగంగా పడుతున్నట్టే, అప్పుడు నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇప్పుడైతే మూడు నెలలు ఆగి అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయించండి, దాంతోపాటు యూరిన్‌లో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ రేషియో కూడా. చాలామంది ఈ యూరిన్ టెస్టే వదిలేస్తారు, నా దృష్టిలో 51 కంటే ఎక్కువ విషయం చెప్పేది అదే. 30 లోపు వస్తే చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. ఈలోగా కాళ్ళు వాచినా, యూరిన్ బాగా తగ్గిపోయినా ఆగకుండా వెళ్ళిపోండి.

నాకు అసలు భయం ఆ నొప్పి మాత్రలతోనే అండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొన్ని బీపీ మందులతో కలిస్తే ఈ వయసు కిడ్నీకి దెబ్బే, వేరే ఏదైనా రాయమని డాక్టర్‌ని అడగండి. ఇంకోటి, కొన్ని మందుల డోసు 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ అనే ఇంకో కిడ్నీ ఫార్ములాతో చూస్తారు, అందులో బరువు కూడా ఉంటుంది కాబట్టి అమ్మగారికి 33 చుట్టూ వస్తుంది. రేపు రక్తం పల్చబడే మందు లాంటిది ఏదైనా మొదలుపెడితే ఆవిడ బరువు కూడా చూసి డోసు రాయమని చెప్పండి.